శుక్రవారపు ఈస్టు

బత్తాయి తొక్క మీద కంటికి కనబడని జీవాన్ని నాటినవాడు, దానికి తీపినీ ఆకలినీ కూడా వేళకు పంపేవాడు, నా బుద్ధికి అందనివాడు అయిన దేవునికి స్తోత్రం. అర్థమైన రోజున ఆయన్ను స్తుతించడం నాకు చిన్నప్పుడే నేర్పారు. అర్థం కాని రోజున కూడా స్తుతించాలని నేర్పారు. నేను రాయబోయేది ఆ రెండో రకం రోజుల గురించి.

నేను క్యాంపస్‌లో ఈస్టు మీద పరిశోధన చేస్తున్నాను. ఈస్టు అనగానే అందరికీ బేకరీ గుర్తొస్తుంది. నాది ఆ ఈస్టు కాదు, పండ్ల తొక్కల మీద దానంతట అది బతికే రకం. కోసిన బత్తాయికి బుట్టలో ఎక్కడో గీరుకుంటుంది. ఆ గాయంలో బూజు పడుతుంది. వారం తిరిగేసరికి కాయంతా పచ్చటి పొడి కప్పుకుని మెత్తబడిపోతుంది, పక్క కాయకూ అంటిస్తుంది. మందు కొట్టకుండా దీన్ని ఆపడానికి ఒక దారి ఉంది. బూజు కంటే ముందు ఈస్టును ఆ గాయంలో కూర్చోబెట్టాలి. సిటీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టుకున్నట్టు. చోటునూ చక్కెరనూ ఈస్టు ముందే ఆక్రమించుకుంటే, బూజు వచ్చినా నిలబడటానికి జాగా ఉండదు.

ల్యాబులో ఇది బాగానే పనిచేసింది. అయితే రైతు చేతికి ఇవ్వాలంటే ఈస్టును ఆరబెట్టి పొడి చేయాలి. ఆ పొడి వేడిలో కొన్నాళ్ళు నిలవుండాలి. నాది ఆరబెట్టగానే చచ్చిపోయేది. పొడిని నీళ్ళలో కలిపి ప్లేటు మీద పరిస్తే, బతికున్న కణాల నుంచి మీగడ రంగు చుక్కలు లేవాలి. నా ప్లేట్లు అద్దంలా ఖాళీగా ఉండేవి. కొద్దిగా వేడి చూపించి అలవాటు చేయబోయాను, ఉప్పు నీళ్ళలో పెంచి చూశాను. దాని ఓర్పు పెరగలేదు, నాది తగ్గింది.

మా గైడ్ మేడమ్ నెమ్మదస్తురాలు. కోప్పడరు, అందుకే ఆవిడ మాటకు భయం ఎక్కువ. ఒకరోజు ఖాళీ ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసి, "ఈస్టు మంచిదేనమ్మా. కానీ ఫ్లాస్కులో బతికి పొట్లంలో చచ్చిపోయేదాన్ని రైతుకు ఎలా ఇస్తాం? ఈ బత్తాయి సీజన్ చూద్దాం. పొడి బతికితే సరే. లేకపోతే టాపిక్ మార్చేద్దాం" అన్నారు.

టాపిక్ మార్చడమంటే మొదటి నుంచి మొదలుపెట్టడం. నాతో చేరినవాళ్ళు అప్పటికే థీసిస్ రాసుకుంటున్నారు. మా ల్యాబులో నాకంటే ముందు చేరిన అక్క ఒకామె ఉంది, నల్లగొండ వైపు బత్తాయి తోటలున్న ఇంటి పిల్ల. ఆమె నన్ను ఓదార్చే తీరు వేరు.

"నీ ఈస్టు మస్తు నాజూకుగున్నదే. ఏసీ లేకుంటే పానం పోతదా ఏంది దానికి?"

"నవ్వకు అక్కా. టాపిక్ పోతుంది."

"నవ్వక ఏం జెయ్యాలె? మా నాయన తోటకు తీస్కపోదామనుకున్న దీన్ని. బస్సుల్నే చస్తదిది."

నేను పుట్టి పెరిగింది క్రైస్తవ సంఘంలో. ఊరు మారినా సంఘం లేకుండా ఉండలేను. తార్నాకలో మెయిన్ రోడ్డుకు వెనక వీధిలో కింద టిఫిన్ సెంటరు, దాని మీద కోచింగ్ సెంటరు, ఆ పైన రేకుల కప్పు వేసిన హాలు. అదే మా మందిరం. మా పాస్టరును అందరం అయ్యగారు అంటాం. ఆదివారం ఆరాధన, శుక్రవారం పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఉపవాస ప్రార్థన. మేము కన్నీళ్ళతో మొరపెట్టుకుంటుంటే కింది నుంచి కోచింగ్ సారు లాభనష్టాల లెక్కలు అరిచి చెబుతుంటాడు. అలవాటైపోయింది.

అంబర్‌పేట్ నుంచి బస్సు మారి వచ్చే ఒక ముసలమ్మ మొదట్లో నన్ను అడిగింది, "ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"ఈస్టు గురించి అమ్మమ్మా. పిండి పులియబెట్టేదాని లాంటిదే."

"పులిసిన పిండా? అది పాపానికి గుర్తని అయ్యగారు జెప్పిండు గదా. గసొంటిదాని మీద సదువేంది?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. పండుగకు ముందు ఇల్లంతా వెతికి పులిసినదాన్ని పారేయమంటుంది లేఖనం. అదే లేఖనంలో ప్రభువు, ఒక స్త్రీ పిండిలో దాచిన పులిపిండితో పరలోక రాజ్యాన్ని పోల్చాడు. ఆదివారపు బడిలో ఈ రెండూ కంఠస్థం చేసినదాన్ని. నా ఫ్లాస్కులో ఉన్నది ఈ రెండింటిలో ఏదో ఎవరినీ అడగలేదు.

సీజన్ మొదలయ్యాక ఒక సోమవారం పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే ప్లేటు నిండా మీగడ చుక్కలు. బయటి నుంచి ఏదో క్రిమి చేరిందనుకున్నాను. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే మా ఈస్టే, పక్కన చిన్న మొగ్గలు తొడుగుతూ. ఆరబెట్టిన పొడి, వేడిలో ఉంచిన పొడి, అందులోంచి లేచింది. అక్కడే బల్ల పట్టుకుని నిలబడి స్తోత్రం చెప్పుకున్నాను.

తర్వాతి ఆదివారం అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడగ్గానే లేచాను. చచ్చిందనుకున్నదాన్ని దేవుడు బతికించాడని చెప్పాను. హాలంతా చప్పట్లు. అయ్యగారి భార్యను మేము అమ్మగారు అంటాం, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడది గుంటూరు వైపు. సంఘంలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆవిడకే తెలుస్తుంది.

మేడమ్ మాత్రం, "మళ్ళీ చెయ్" అన్నారు. మళ్ళీ చేశాను. చచ్చిపోయింది. ఇంకోసారి చేశాను, మళ్ళీ ఖాళీ ప్లేటు. ఆ తర్వాతది బతికింది.

"ఏం తేడా చేశావమ్మా?"

"ఏమీ చేయలేదు మేడమ్."

"చేయకుండా ఎలా వస్తుంది? ఆలోచించు. చెప్పలేకపోతే వచ్చినా రానట్టే."

ఆలోచించాను. అదే నీళ్ళు, అదే చక్కెర, అదే షేకర్. దాని మీది ఫ్లాస్కుల్లో రాత్రంతా ఊగుతూ ఈస్టు పెరుగుతుంది, పొద్దున తీసి కణాలను వేరుచేసి ఆరబెడతాను. అన్నిసార్లూ చేసింది అదే. దేవుడు తన చిత్తం చొప్పున ఒకదాన్ని లేపి ఒకదాన్ని విడిచిపెడుతున్నాడా అని కూడా అనుకున్నాను. ఆ మాట మేడమ్‌తో అనగలనా?

ముడి విప్పింది అక్క. హబ్సిగూడ టిఫిన్ సెంటరులో దోశ తింటూ, నా మీద ఎప్పటి నుంచో ఉన్న ఫిర్యాదు మళ్ళీ తీసింది.

"శుక్రవారం వచ్చిందంటే నాకు షేకర్ దొరకది. నువ్వు ప్రార్థనకు పోతవ్, నీ ఫ్లాస్కులు పొద్దుమూకేదాంక దాని మీద ఊగుతనే ఉంటయ్. రెండుసార్లు లొల్లి పెట్టుకున్న గదనే నీతోని." అంటూనే ఆగిపోయింది. చేతిలో దోశ ముక్క అలాగే ఉంది. "ఆగు. బతికినయన్నవు సూడు, గవి నేను లొల్లి పెట్టుకున్న రోజులయే గదా?"

లెక్క చూసుకుంటే అవే. బతికిన రెండూ శుక్రవారం తీసినవి. ఈ సీజన్ తొందరలో పడేదాకా నేను శుక్రవారం ఫ్లాస్కులు పెట్టేదాన్నే కాదు. చచ్చినవన్నీ మిగతా రోజులవి.

"ఇంకేంది మరి. పొద్దున తియ్యాల్సినయి పొద్దుమూకి తీసినవ్. గప్పటిదాంక అండ్ల తినతందుకు ఏముంటది? నువ్వు గాడ ఉపాసం, అవి గీడ ఉపాసం."

నేను చదవకపోలేదు. తిండి అయిపోయిన కణాలు పెరగడం ఆపి, లోపల ఒక రకం చక్కెర దాచుకుంటాయనీ, గోడలు మందం చేసుకుంటాయనీ, ఆరిపోయినా ఆ చక్కెర వాటిని కాపాడుతుందనీ చదివాను, కింద గీత కూడా గీశాను. అయినా పెరగడం ఆగిన ఫ్లాస్కులో ఇక జరిగేదేమీ లేదనుకున్నాను. ఏడెనిమిది గంటలు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకున్నాను. పైగా ప్రార్థనకు వెళ్ళడాన్ని ప్రయోగంలో ఒక మెట్టుగా ఎవరు లెక్కపెడతారు?

ఆ సాయంత్రం ఆటో ఎక్కకుండా తార్నాక దాకా నడిచాను. నేను ప్రార్థనకు వెళ్ళకపోయుంటే ఫ్లాస్కులు పొద్దున్నే తీసేదాన్ని, అవి చచ్చిపోయేవి. కాబట్టి ప్రార్థనే వాటిని బతికించింది. మెట్రో స్తంభాల కింద నడుస్తుంటే ఈ మాట హాయిగా ఉంది. కాసేపటికి ఇంకో మాట వచ్చింది. అదే శుక్రవారం నేను ప్రార్థనకు కాక సినిమాకు వెళ్ళినా అవి బతికేవి. రోడ్డు మధ్యలో నిలబడిపోయాను, వెనక స్కూటర్ వాడు హారన్ కొట్టాడు. సంఘంలో నిలబడి చెప్పిన సాక్ష్యం నిజమా, కాదా?

మర్నాడు అక్క తేలిగ్గా తేల్చేసింది.

"సూద్దాం తియ్. మంగళవారం సగం పొద్దున తీద్దాం, సగం సాయంత్రం. శుక్రవారం గూడ గట్లనే. శుక్రవారం పొద్దుటియి నేను తీస్త, నువ్వు పోయి ప్రార్థన చేస్కో. ప్రార్థన ఉన్నయి, లేనియి, ఆకలికి ఉన్నయి, లేనియి, అన్ని తెలుస్తయ్."

ప్రయోగంగా చూస్తే అందులో తప్పు లేదు. నేను మాత్రం ప్రభువును శోధించకూడదని, అంటే ఆయనకు పరీక్ష పెట్టకూడదని, పాలతో పాటు తాగినదాన్ని. అరణ్యంలో ఆకలితో ఉన్నప్పుడు, అపవాది రెచ్చగొట్టినా ఆయనే ఆ పనికి ఒప్పుకోలేదు. ఇప్పుడు నేను ఒక ఫ్లాస్కుకు ప్రార్థన పెట్టి, ఒకదానికి తీసేసి, ఏది బతుకుతుందో చూస్తానా? కానీ చూడకపోతే టాపిక్ పోతుంది. అమ్మగారిని అడుగుదామని వెళ్ళాను. ఆవిడ చాప మీద కూర్చుని మెంతికూర వలుస్తోంది.

అంతా చెప్పాను. "ప్రార్థన లేకుండా కొన్ని చేసి చూడాలి అమ్మగారూ. అది దేవుణ్ణి శోధించడం అవుతుందా?"

ఆవిడ చేయి ఆగింది. "ప్రార్థన లేకుండానా? అదేంటమ్మా, అలా ఎలా వదిలేస్తాం? ఎప్పుడు చేస్తున్నావు?"

"మంగళవారం, శుక్రవారం."

"సరే, నువ్వు దిగులు పడబాక. ఈ కూర కాస్త పట్టుకెళ్ళు."

నా ప్రశ్నకు జవాబు దొరకలేదు, మెంతికూర దొరికింది. సాయంత్రానికి సంఘం ఫోన్ గ్రూపులో సందేశం వచ్చింది. మన సహోదరి ప్రయోగం కోసం సోమవారం నుంచి శుక్రవారం వరకు గొలుసు ప్రార్థన, గంటకొక కుటుంబం, పేర్లు ఇవ్వగలరు. పది నిమిషాల్లో పేర్లు నిండిపోయాయి. మా సంఘంలో ఎవరి అవసరమైనా వినబడ్డాక మోకాళ్ళు వంచకుండా ఉండటం ఎవరికీ చేతకాదు. నేనూ ఎన్నోసార్లు అలా గంటలు పంచుకున్నాను.

అమ్మగారికి ఫోన్ చేశాను. నా కోసం ప్రార్థించవద్దని ఎలా అనాలో తెలియలేదు. "కొన్ని ఫ్లాస్కులకు... అంటే, పొద్దున తీసేవాటికి చేయకపోయినా ఫర్వాలేదు అమ్మగారూ" అన్నాను.

"ఎందుకమ్మా? అవేం పాపం చేశాయి?"

సరేనని ఫోన్ పెట్టేశాను.

అక్కకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "గంటకో ఇల్లా? ఇగ ప్రార్థన లేని ఫ్లాస్కు నీకు ఈ తార్నాకల దొరకదు పో." తర్వాత షేకర్ వైపు చూపించింది. దసరాకు మిషన్లన్నింటికీ పూజ చేసినప్పుడు పెట్టిన కుంకుమ బొట్టు దాని మీద ఇంకా ఉంది. "గిది మా అమ్మవారి బొట్టు. ఆమె గూడ సూస్తనే ఉన్నది. ఆమెను యాడికి పొమ్మంటవ్?"

కాబట్టి తేడా ఒక్కటే మిగిలింది. పొద్దున తీసినవి, సాయంత్రం తీసినవి. ప్రార్థన అన్నిటి మీదా ఉంది, వాన పడ్డట్టు.

మంగళవారం గడిచింది. శుక్రవారం హాలులో మోకాళ్ళ మీద ఉన్నాను. అదే సమయానికి ల్యాబులో అక్క పొద్దుటి ఫ్లాస్కులు తీస్తోందని తెలుసు. కింద కోచింగ్ సారు శాతాలు చెబుతున్నాడు. పక్కన అంబర్‌పేట్ అమ్మమ్మ, "ప్రభువా, మా బిడ్డ పెంచుకున్నయన్ని సల్లంగ సూడు" అని గట్టిగా ప్రార్థిస్తోంది. అన్నీ అంటోంది. పొద్దుటివి కూడా బతికితే నా సాక్ష్యం నిలుస్తుంది, కానీ మేడమ్‌కు చెప్పడానికి కారణమేదీ ఉండదు, టాపిక్ పోతుంది. అవి చచ్చిపోతే కారణం దొరుకుతుంది, టాపిక్ ఉంటుంది. అమ్మమ్మ ఎవరి కోసం ఏడుస్తోందో అవి చావాలని నేను పక్కనే కూర్చుని కోరుకుంటున్నాను. ఇది తెలిశాక కళ్ళు మూసుకోలేకపోయాను. పెదవులతో స్తోత్రం, స్తోత్రం అంటూ ఉండిపోయాను.

ఆరబెట్టి, వేడిలో ఉంచి, ప్లేట్లు పరిచి చూసిన రోజున మేడమ్, అక్క, నేను ముగ్గురం బల్ల దగ్గర నిలబడ్డాం. పొద్దున తీసినవి, మంగళవారానివైనా శుక్రవారానివైనా, దాదాపు ఖాళీ. ఎక్కడో ఒకటీ అరా చుక్క. సాయంత్రం తీసినవి రెండు రోజులవీ కిక్కిరిసిపోయాయి.

మేడమ్ ప్లేటు తిప్పి తిప్పి చూశారు. "ఆకలి. అంతే. తర్వాత బత్తాయిల మీద చూద్దాం. టాపిక్ మార్చే పని లేదమ్మా."

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇగ అన్ని దినాలు నీకు శుక్రవారమే. నా షేకర్ పాయె."

నవ్వాను. సంతోషమే, కాదనను. కానీ ఆ ఖాళీ ప్లేట్ల కోసం కూడా ఎవరో గంటసేపు మోకాళ్ళ మీద ఉన్నారు.

సాయంత్రం అమ్మగారు ఫోన్ చేసింది. "దేవుడు విన్నాడా అమ్మా?"

"విన్నాడు అమ్మగారూ."

ఫోన్ పెట్టేశాక, ఏది విన్నాడు అని నన్ను నేను అడిగాను. ఆయన ఆకలిలో బలం పెట్టాడు, నిజమే. అది ఈస్టును చేసిన రోజునే పెట్టాడు. అప్పటికి మా గొలుసు ప్రార్థన లేదు, నేనూ లేను. అయితే మేము అడిగింది దేనికి? అడగకపోతే అక్క ఆ రోజు దోశ తింటూ షేకర్ మాట ఎత్తేదా? అది కూడా నాకు తెలియదు. ఇలా ఒక్కో ప్రశ్న లాగితే ఇంకోటి వచ్చేది.

ఆదివారం సాక్ష్యాల వేళ మళ్ళీ లేచాను. వెనకటిసారి చెప్పినది సగమే కాబట్టి లేవకుండా ఉండలేకపోయాను.

"పొద్దున తీసినవి చచ్చిపోయాయి. సాయంత్రం దాకా ఆకలితో ఉన్నవి బతికాయి. రెండింటి కోసమూ మీరు ప్రార్థించారు. కొన్ని ఎందుకు బతికాయో నాకు తెలిసింది. మిగతాది నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికే లేచాను. దేవునికి స్తోత్రం."

చప్పట్లు రాలేదు. అయ్యగారు "ఆయన నామానికి మహిమ కలుగును గాక" అన్నారు. తర్వాతి వాళ్ళు లేచి, కొడుకు ఉద్యోగం గురించి చెప్పారు.

మెట్ల దగ్గర అంబర్‌పేట్ అమ్మమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. ఒక్కో మెట్టూ దిగుతూ అడిగింది.

"అయితే ఆకలికి ఉన్నయే బతికినయా?"

"అవును అమ్మమ్మా."

"మరి మిగిలినయాటికి నేను జేసిన ప్రార్థన యాడికి పాయె?"

"తెలియదు అమ్మమ్మా."

"నాకు గూడ తెల్వది." ఇంకో రెండు మెట్లు దిగింది. "శుక్రవారం వస్తవ్ గదా?"

"వస్తాను."

"గట్లయితే బస్సుల నీకు సీటు పడ్త" అంది. నేను వచ్చేది క్యాంపస్ వైపు నుంచి, ఆమె వచ్చేది అంబర్‌పేట్ నుంచి. ఆ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు నా ఫ్లాస్కులు ఏ రోజైనా సాయంత్రం దాకా షేకర్ మీదే ఉంటాయి. థీసిస్‌లో ఆకలి అని రాశాను. శుక్రవారం అని రాయలేదు, రాయడానికి అక్కడ చోటు లేదు. ల్యాబులో గాయం చేసిన బత్తాయిల మీద ఆ పొడి బూజును చాలావరకు ఆపింది. ఇక మిగిలింది అక్క వాళ్ళ నాయన తోటలో రేకుల షెడ్డు. ఎండాకాలం ఆ షెడ్డులో ఉంచిన పొడి బతికితేనే నా పని పూర్తయినట్టు. అక్కడ వేడి మా ఇంక్యుబేటర్ మాట వినదు.

పొట్లాలు సిద్ధం చేశాను. వాటి మీద చేయి పెట్టి ప్రార్థించబోతే ఏమని అడగాలో ఇప్పటికీ తడబడుతున్నాను. బతికించమని అడగాలా, బతికే గుణం ముందే పెట్టినందుకు స్తుతించి ఊరుకోవాలా? చదువుతున్న మీరు ఏ విశ్వాసంలో ఉన్నా సరే, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో పాటు తల వంచండి. నాకు రాని ఆ మాట మీకు వస్తే మీరు పలకండి. మీకూ రాకపోతే ఊరికే నా పక్కన ఉండండి. తండ్రీ, ఆ షెడ్డు వేడిలో వాటి మీద నీ చూపు ఉంచు. మా మీద కూడా ఉంచు. ఆమేన్.